నేను సాఫ్ చేసిన నాలుగో దెబ్బ

ఈమధ్య సౌండు పని నేర్పే ఒక కాలేజీ వాళ్ళు నన్ను పిలిచి రెండు గంటలు మాట్లాడమన్నారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు పాటలు రికార్డు చేసినవాడు ఏం చెబుతాడోనని పిల్లలు బుద్ధిగా కూర్చున్నారు. ఏ మైకు ఎక్కడ పెట్టాలో, గొంతు బొంగురుపోయిన గాయకుడితో ఎలా నెట్టుకురావాలో చెప్పాను. చివర్లో ఒకమ్మాయి లేచి, "సార్, మీరు చేసిన పెద్ద తప్పు ఏంది?" అని అడిగింది. ఒకసారి కరెంటు పోయి ఒక భజన మొత్తం చెరిగిపోతే, భజన మండలి అంతా మళ్ళీ స్నానాలు చేసి వచ్చిన సంగతి చెప్పి నవ్వించాను. చప్పట్లు కొట్టారు. ఆటోలో మాదన్నపేట ఇంటికి వస్తున్నంతసేపూ నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ అమ్మాయికి చెప్పాల్సింది అది కాదు, ఇది.

గిన్నెల కొట్టు మీద గది

నేను పనిచేసిన స్టూడియో బేగంబజార్‌లో స్టీలు గిన్నెల హోల్‌సేల్ కొట్టు మీద, రెండో అంతస్తులో ఉండేది. తెలివైనవాడెవడూ అక్కడ స్టూడియో పెట్టడు. మా సేఠ్ పెట్టాడు, ఎందుకంటే ఆ మేడ వాళ్ళ నాన్నది. కింద హమాలీలు గిన్నెల కట్టలు దించుతుంటే పైన గాయకుడు కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకునేవాడు. గోడలకు పరుపులు కొట్టాం, తలుపుకు రెండు వరసల రబ్బరు పెట్టాం. అయినా సరే, మంచి చరణం మధ్యలో టక్కుమని ఒక మూత పడేది.

అందుకని నా ఉద్యోగంలో సగం పని టక్కులు ఏరడమే. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరేవాణ్ణి. టేపు రోజుల్లో బ్లేడుతో కోసి అతికించాను, కంప్యూటరు వచ్చాక మౌసుతో కోశాను. గిరాకీలు కూడా అదే అడిగేవాళ్ళు: "సాఫ్‌గ రావాలె సాబ్." సేఠ్ మెచ్చుకోలు కూడా ఒకటే మాట: "ఏక్‌దమ్ సాఫ్, కిషన్ జీ." బజారులో నా పేరు సాఫ్ కిషన్ అయిపోయింది. నేను దాన్ని బిరుదనుకుని చాలా ఏళ్ళు మురిసిపోయాను.

ఉబ్బసం ఉన్న ఒక పెద్దాయన వచ్చి రామదాసు కీర్తనలు పాడాడు. మాట మాటకూ ఊపిరి గట్టిగా లాగేవాడు. రెండు రోజులు కూర్చుని ఆ ఊపిరులన్నీ తీసేశాను. ఆయన విని, "నేను ఊపిరి లేకుండ పాడిన్నా అయ్యా? ఇది నేను పోయినంక పాడినట్టుంది" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన నాకు పాఠం చెబుతున్నాడని తట్టలేదు. మెచ్చుకుంటున్నాడనే అనుకున్నాను.

సేఠ్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. మంచివాడే, జీతం ఎప్పుడూ ఆపలేదు. కానీ పట్టిన చప్పుళ్ళన్నీ కలిపి పాట తయారుచేసే మిక్సింగు గురించి ఆయనకొక నియమం ఉండేది. "గిరాకిని మిక్సింగ్‌ల కూసోబెట్టకుండ్రి. ఒక్కడు కూసుంటె వంద సలహాలు" అనేవాడు. పాట పూర్తవగానే, ఒక్కో మైకులో విడిగా పట్టిన ట్రాకులు చెరిపేయాలనేది ఇంకొకటి. ఉన్న ఒక్క కంప్యూటరులో చోటు ఉండేది కాదు. జరిగినదానికి ఈ రెండు నియమాలనూ చాలాకాలం తిట్టుకున్నాను. నిజం చెప్పాలంటే అవి నాకు ఇష్టమైన నియమాలే. పక్కన ఎవరూ లేకపోతే అడిగేవాళ్ళుండరు.

వాళ్ళిద్దరూ

రిటైరు కావడానికి ఏడాది ముందు ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. కుర్రాళ్ళంటే ముప్ఫై దాటినవాళ్ళే. యాదగిరి లిఫ్టులు రిపేరు చేస్తాడు, గిటారు వాయిస్తూ పాడతాడు. మెహరాజ్ వడ్రంగి. ఇద్దరిదీ జల్‌పల్లి, ఒకే గల్లీ. ఇద్దరే, వెనక డ్రమ్ముల వాడు లేడు, ఇంకెవరూ లేరు.

మెహరాజ్ తెచ్చిన వాద్యం మా మెట్ల మలుపులో ఇరుక్కుంది. నిలబెట్టి వాయించే పెద్ద తీగల వాద్యం, బేస్ అంటారు, మనిషికన్నా ఎత్తు. కూల్చేసిన ఇళ్ళ పాత టేకు తలుపుల చెక్కతో తనే చేసుకున్నాడు. పక్కన ఒక చోట తాళం చెవి రంధ్రం కూడా అలాగే ఉంది. హమాలీలు ఇద్దరు సాయం పడితే పైకి వచ్చింది.

"మీది ఏం పాట బిడ్డా?" అని అడిగాను.

యాదగిరి ఉషారుగా చెప్పాడు. "పంక్ రాక్, రాకబిల్లీ రెండు కలిపి కొడ్తం సాబ్. పంక్ రాక్ అంటే గుస్స. సురు జేసినమంటే మూడు నిమిషాల్ల ఖతం. రాకబిల్లీ అంటే పాత అమెరికా పల్లెటూరోల్ల పాట. గుర్రం ఉరికినట్టుంటది. ఈ పెద్ద బేస్‌ని గిట్ల గుంజి కొట్టుడు ఆళ్లదే."

"మరి ఇందుల మీదేంది?"

"మాది జల్‌పల్లి సాబ్" అన్నాడు. నీళ్ళ ట్యాంకరు రాకపోవడం మీద, వానొస్తే గల్లీ మునగడం మీద, లిఫ్టులో ఇరుక్కున్న ఆఫీసరు మీద పాటలు. తెలుగులో మొదలై ఉర్దూలోకి పోయి మళ్ళీ తెలుగులోకి వచ్చేవి.

మెహరాజ్ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. తీగను వేళ్ళతో లాగి వదిలేవాడు. అది చెక్కకు తగిలి టక్కుమనేది. వెంటనే అరచేత్తో తీగల మీద కొట్టేవాడు, అది ఇంకో టక్కు. కింద బేస్ మోగుతుంటే పైన ఈ దెబ్బలు. వాళ్ళకు డ్రమ్ములు అక్కర్లేకపోవడం అందుకే.

"ఇదేంది భాయ్, నాలుగో దెబ్బ జర ఆలస్యంగ పడుతున్నది?" అన్నాను.

"అబ్బా దెబ్బ సాబ్ అది" అన్నాడు.

అబ్బా అంటే నాన్న. మెహరాజ్ నాన్న ఉమర్ సాబ్ మర్ఫా వాయించేవాడు. పాతబస్తీ పెళ్ళి ఊరేగింపుల్లో మోగే డప్పుల మేళం మర్ఫా. మూడు దెబ్బలు సమానంగా వేసి, నాలుగోది ఒక్క పిసరు ఆపి వేయడం ఆయన అలవాటు. కుంటి దెబ్బ అనేవాళ్ళట. గల్లీ అవతలి నుంచే, వస్తున్నది ఉమర్ సాబ్ మేళమని జనం చెప్పేసేవాళ్ళు. కొడుకు మర్ఫా పట్టకుండా ఈ ఇంగ్లీషు బాజా పట్టాడని ఆయనకు కోపం. ఒక్కసారి కూడా కూర్చుని వినలేదు. ఇప్పుడేమో చెవులు పోతున్నాయి. ఆరు నెలలకో ఏడాదికో పూర్తిగా వినపడదని డాక్టరు చెప్పాడు.

"ఒక్కసారి ఇనిపియ్యాలె సాబ్. ఆయనకు చెవులున్నప్పుడే" అన్నాడు మెహరాజ్. "ఆయన చెయ్యి నా కాడ ఉన్నదని ఎర్కయితే చాలు."

ఇంత స్పష్టంగా చెప్పాడు. తర్వాత నేను చేసింది తెలియక చేశానని అనడానికి నాకు దారి లేదు.

నేను చేసిన పని

రికార్డింగు ఒక్క రోజులో అయిపోయింది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఏకబిగిన వాయించారు. బేస్‌కు రెండు మైకులు పెట్టాను, ఒకటి పొట్ట దగ్గర, ఒకటి మెడ దగ్గర. మూడో పాటకు నా కాలు దానంతటది ఆడుతోంది. చూసుకుని ఆపేశాను. ఈ వయసులో, ఈ చెత్త బాజాకు ఆడటమేంటని.

మర్నాడు పొద్దున ఒక్కణ్ణే కూర్చున్నాను. హెడ్‌ఫోన్సులో టక్, టక్, టక్, ఆగి టక్. ముప్ఫై ఏడేళ్ళుగా నేను ఏరిపారేసిన చప్పుడు అది. నా చెయ్యి నన్నడగకుండానే పోయింది. మెడ దగ్గరి మైకు మూసేశాను. పొట్ట మైకులో మిగిలిన టక్కులు ఒక్కొక్కటే కోశాను. బేస్ గుండ్రంగా, మెత్తగా తేలింది. మరీ బోసిగా ఉందని కంప్యూటరులోంచి డ్రమ్ము పెట్టాను. నాలుగు దెబ్బలూ గీత గీసినట్టు సమానం. నాలుగోది నేను సరిచేశాను.

చెయ్యి అలవాటు అని ఊరుకోవచ్చు. కానీ లోపల ఇంకోటి ఉంది, అది కూడా రాయాలి. పాత తలుపులతో చేసిన వాద్యం, లిఫ్టు మెకానిక్కు పాట, వీళ్ళకేం తెలుసులే అనుకున్నాను. నేను బాగుచేసి ఇస్తే దండం పెడతారనుకున్నాను. ఫోన్ చేసి ఒక్క మాట అడగాలని కూడా అనిపించలేదు. పాటలు పూర్తయ్యాయి, విడి ట్రాకులు చెరిపేశాను. సేఠ్ విని, "ఏక్‌దమ్ సాఫ్" అన్నాడు.

జల్‌పల్లిలో మధ్యాహ్నం

పాటలు ఇంకా వినకముందే మెహరాజ్ నన్ను ఇంటికి పిలిచాడు. "మీరు పెద్దోల్లు. మీరొచ్చి కూసుంటె అబ్బా కాదనడు" అన్నాడు. అందరం ఒకేసారి విందామని వాళ్ళిద్దరూ ఆగారు. నేను మంచి చొక్కా వేసుకుని వెళ్ళాను.

ఉమర్ సాబ్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. స్పీకరు ఆయన ఒళ్ళో పెట్టారు. ఆయన చెవి దానికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఒక పాట, రెండో పాట. మెహరాజ్ ముఖం రంగు మారడం నేను చూశాను. రెండో పాట సగంలో ముసలాయన కళ్ళు తెరిచి కొడుకును అడిగాడు.

"ఇస్మే తూ కిదర్ హై రే?"

ఇందులో నువ్వెక్కడున్నావురా అని. వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే వెతికాడు. "నా నాలుగో దెబ్బ నీ చేతిలో ఉందన్నావు. ఇది మిషను" అని ఉర్దూలో అన్నాడు.

మెహరాజ్ నా వైపు చూశాడు. యాదగిరి కూడా చూశాడు. అప్పుడు నేను ఒక్క నిజం చెప్పి ఉంటే, మెహరాజ్ ఆ మూల నిలబెట్టిన బేస్ తీసుకుని నాన్న ఎదుటే వాయించేవాడు. ఆయనకు ఇంకా వినపడుతోంది. సరిపోయేది.

నేను గొంతు సవరించుకుని ఇలా అన్నాను: "మెహరాజ్ దెబ్బల జోర్ లేదు సాబ్. ఇంట్ల జేసిన చెక్క గదా, సప్పుడు లోపట్నే ఉండిపోతది. మైకుకు అందలే. అందుకే మిషిన్ పెట్టాల్సొచ్చింది."

ముసలాయన తల ఊపాడు. తన అనుమానమే నిజమైనట్టు, కొంచెం జాలిగా ఊపాడు. స్పీకరు తీసి పక్కన పెట్టాడు.

బయట గల్లీలోకి వచ్చాక యాదగిరి నా వెనకే వచ్చాడు. "సాబ్, ఆ దినం రూంల మస్తు ఇనొచ్చింది గదా?"

"రూంల ఇనొచ్చేది వేరే బిడ్డా, మైకుకు ఇనొచ్చేది వేరే" అన్నాను. మా వృత్తిలో ఇంతకన్నా నిజమైన మాట లేదు. దాన్ని అబద్ధానికి వాడుకున్నాను. పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఇక్కడ కాస్త ఆగండి. అవతలివాడికి తెలియని విద్య మన దగ్గర ఉన్నప్పుడు, మన తప్పును ఆ విద్య వెనక దాచుకోవడం చాలా తేలిక. పట్టుకునేవాడు ఉండడు. నాకు మాట తడబడలేదు కూడా.

చెక్క

మెహరాజ్ నన్ను నమ్మాడు. ముప్ఫై ఏడేళ్ళ అనుభవం ఉన్నవాడు చెక్కలో లోపముందన్నాడు, తను వడ్రంగి, చెక్కను బాగుచేయడం తన పని. బేస్ విప్పి పొట్ట చెక్కను చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. పలచనైతే చప్పుడు బయటికి వస్తుందని. కొంచెం పట్టేవాడు, తీగలు బిగించేవాడు, వాయించి వినేవాడు, మళ్ళీ విప్పేవాడు. రెండు నెలలు అదే పని. లేని లోపం కోసం మంచి చెక్కను తోముతూ పోయాడు. ఒక రోజు తీగలు బిగిస్తుంటే నిలువునా చీలిపోయింది.

ఈ సంగతి యాదగిరి స్టూడియోకి వచ్చి చెప్పాడు. బేస్ చీలిందని మెహరాజ్ వాళ్ళ అబ్బాకు మాత్రం చెప్పలేదట. "సాబ్, ఆ దినం కొట్టిన ట్రాకులేమన్న ఉన్నయా? అబ్బాకు ఇంక శానా తక్కువ ఇనొస్తున్నది" అని అడిగాడు. చెరిపేశానని చెప్పాను. అప్పుడైనా మిగతాది చెప్పాల్సింది. సేఠ్ ఎదురుగా కూర్చున్నాడు. నేను హెడ్‌ఫోన్సు పెట్టేసుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళకు నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు. నేను పట్టిన పాటలో ఒక్క అనవసరమైన చప్పుడు కూడా దొరకదని సేఠ్ ప్రసంగించాడు. శాలువా కింద చెమటలు పట్టాయి.

ఇరవై సెకన్లు

రెండేళ్ళు గడిచాక యాదగిరి నా ఫోనుకు ఒక వీడియో పంపాడు. రికార్డింగు రోజున సరదాగా తీసినది, పాత ఫోను పారేయబోతుంటే బయటపడిందట. ఇరవై సెకన్లు ఉంటుంది. మెహరాజ్ వాయిస్తున్నాడు, అద్దం వెనక నేను కనపడుతున్నాను. టక్, టక్, టక్, ఆగి టక్. ప్రతి దెబ్బా వినపడుతోంది. మా స్టూడియోలో ఖరీదైన రెండు మైకులకు అందలేదని నేను చెప్పిన దెబ్బ, నాసిరకం ఫోనుకు అందింది. నా కాలు ఆడటం కూడా కనపడుతోంది.

నేనే ఫోన్ చేశాను. యాదగిరి తిట్టలేదు. "మెహరాజ్‌కు ఇంకా పంపలే సాబ్. మీరే చెప్పుండ్రి" అన్నాడు. మళ్ళీ తనే, "అబ్బాకు ఇప్పుడేం ఇనపడదు. మొత్తం పోయినయ్" అన్నాడు.

వెళ్ళడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. మోకాళ్ళ నొప్పి అని, వాన అని, చుట్టాలని ఇంట్లో చెప్పాను. పన్నెండో రోజున పొద్దున్నే వెళ్ళాను.

మెహరాజ్ ఇంటి ముందు ఒక బీరువా తలుపుకు చిత్రిక పడుతున్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు.

"మెహరాజ్ భాయ్, ఆ దినం మీ అబ్బా ముందట నేను అబద్ధమాడిన. నీ దెబ్బ మైకుల మంచిగనే పడ్డది. నేనే తీసేసిన. చెక్కల ఏం లోపం లేకుండె."

అతను బీరువా తలుపు మీది చెక్కపొట్టు దులిపాడు. "మొత్తం తీసిండ్రా?" అన్నాడు.

"మొత్తం."

"నాలుగోది గూడ?"

"గూడ. ఖరాబనుకున్న."

"అడిగితే చెప్తుంటి గదా సాబ్" అన్నాడు.

అంతే అన్నాడు. కొట్టినా బాగుండేది. నాకు ఏడుపు వచ్చింది, కానీ ఏడిస్తే అతనే నన్ను ఓదార్చాల్సి వస్తుందని ఆపుకున్నాను. "అబ్బాకు చెప్పుండ్రి" అని లోపలికి తీసుకెళ్ళాడు.

ఉమర్ సాబ్ అదే మంచం మీద ఉన్నాడు. నేను గట్టిగా అరిచి చెప్పాను. ఆయన నా పెదవుల వంక చూసి, అర్థం కాక మర్యాదగా నవ్వాడు. ఆయన చదవగలిగింది ఉర్దూ ఒక్కటే. నేను పుట్టినప్పటి నుంచీ ఉర్దూ మాట్లాడుతున్నాను, ఒక్క అక్షరం రాయడం రాదు. పాతబస్తీలో నాలాంటి వాళ్ళు వేలమంది ఉంటారు, ఎప్పుడూ అవసరం పడలేదు. మెహరాజ్ చెవి వెనక పెన్సిలు తీసి, ఒక ప్లైవుడ్ ముక్క తెచ్చుకుని నా పక్కన కూర్చున్నాడు. నా తప్పు నేను చెబుతుంటే అతను రాయాలి.

నేను చాలా చెప్పాను. అతను ఒక్క లైను రాశాడు.

"ఏం రాసినవ్?"

"స్టూడియోల మిషిన్ ఖరాబుండెనని రాసిన."

"అట్ల కాదు. నేను అబద్ధమాడిన అని రాయి."

"పెద్దోల్లు మీరు. అబ్బా ముందట మిమ్ముల ఝూటా అని ఎట్ల రాస్తా సాబ్?"

"ఇదే అర్రల నిన్ను తక్కువ జేసి మాట్లాడేటప్పుడు నాకు గీ ఫికర్ లేకుండె. కొట్టేసి రాయి."

కొట్టేసి రాశాడు. ముసలాయన చెక్కను వెలుతురుకు పట్టుకుని పెదవులు కదుపుతూ చదివాడు. రెండుసార్లు చదివాడు. నన్ను చూడలేదు. కొడుకును చూశాడు, ఎంతోకాలం తర్వాత ఊరి నుంచి వచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు. తర్వాత కుడి అరచెయ్యి ముందుకు చాచాడు.

"బాజా లా బేటా. కాన్ గయే తో క్యా, హాత్ రక్కే దేఖ్ లేతూఁ."

చెవులు పోతే ఏమైంది, చెక్క మీద చెయ్యి పెట్టి చూసుకుంటాను, తెమ్మన్నాడు. జీవితమంతా డప్పు చర్మం మీద చెయ్యి ఆనించి బతికినవాడు. నిజంగానే తెలిసేది.

తేవడానికి ఇంట్లో బాజా లేదు, చీలినదాని తర్వాత మెహరాజ్ ఇంకోటి చేసుకోలేదు. పెన్సిలు నా వైపు చాచాడు, నాకు ఆ రాత రాదని తెలిసి కూడా. నేను దాన్ని తీసుకుని పక్కన పెట్టాను. రెండు చేతులతో బాజా చెక్క నిలువునా చీలినట్టు చూపించి, వేలు నా గుండె మీద పెట్టుకున్నాను. ముసలాయనకు అర్థమైంది. అప్పటిదాకా చాచి ఉంచిన చెయ్యి మెల్లగా ఒళ్ళోకి తీసుకున్నాడు.